వెనక ట్విస్ట్ బీమ్ బుష్‌లు మార్చిన డైరీ

చప్పుడు ఎక్కడిది

కొన్ని వారాలుగా కారు వెనకనుంచి చప్పుడు. స్పీడ్ బ్రేకర్‌ని రెండు చక్రాలూ ఒకేసారి దాటితే పెద్దగా తెలియదు. ఒక్క చక్రం గుంతలో పడి లేచినప్పుడు మాత్రం 'దబ్' మని మందంగా, ఒక్కసారి వినిపిస్తుంది. షాక్ అబ్జార్బర్ పైభాగం వదులైతే వచ్చే 'టకటక' దీనికి లేదు. రబ్బరు సాగి సాగి, ఇక సాగలేక లోహం ఆనుకున్నప్పుడు వచ్చే చప్పుడు ఇలాగే ఉంటుంది.

ఇంకో రెండు లక్షణాలు కూడా తోడయ్యాయి. లేన్ మారితే ముందు భాగం వెంటనే తిరుగుతుంది, వెనక భాగం ఒక క్షణం ఆగి పక్కకు సర్దుకుంటుంది. వేగంలో బ్రేక్ గట్టిగా వేస్తే తోక కొద్దిగా జరిగినట్టు అనిపిస్తుంది. స్టీరింగ్ నిటారుగానే ఉంటుంది కాబట్టి చాలామంది ఈ రెంటినీ టైర్ల మీదకు, గాలి మీదకు తోసేస్తారు.

కారు కిందికి దూరేముందు తేలికగా తేలిపోయేవి తేల్చేశాను. డిక్కీ మొత్తం ఖాళీ చేసి, స్టెప్నీ, జాక్ కూడా తీసి ఒకసారి నడిపాను. చప్పుడు అలాగే ఉంది. సైలెన్సర్‌ని మోసే రబ్బరు ఉంగరాలు బాగున్నాయి. తమ్ముడు వెనక భాగాన్ని పైకీ కిందికీ ఊపుతుంటే షాక్ అబ్జార్బర్ పైబిగింపు మీద చెయ్యి పెట్టి చూశాను, అక్కడ ఏమీ తగలలేదు. ఆ తరవాత అరచేతిని వెనక టైరు మీద అడ్డంగా, ముందు బయటినుంచి లోపలికి, తరవాత లోపలినుంచి బయటికి రాశాను. ఒకవైపు నున్నగా పోయింది, రెండోవైపు గాట్ల అంచులు చర్మానికి గీరుకున్నాయి. చక్రం తిన్నగా దొర్లకుండా కాస్త పక్కకు ఈడ్చుకుంటూ పోతోందనడానికి ఇది మంచి సాక్ష్యం.

పలుగు పరీక్ష

నాది ముందు చక్రాలు లాగే చిన్న హ్యాచ్‌బ్యాక్. వెనక ట్విస్ట్ బీమ్ ఇరుసు: రెండు పక్కలా రెండు చేతులు, వాటిని కలుపుతూ మెలిపడగల ఒక అడ్డ దూలం. 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, సిరాకోలతో ఈ ఏర్పాటు బాగా వ్యాపించింది. ఇవాళ్టికీ చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఇరుసు మొత్తాన్ని బాడీకి పట్టి ఉంచేవి ఆ చేతుల ముందు కొసల్లో ఉండే రెండు బుష్‌లే. బుష్ అంటే లోపల ఒక గొట్టం, బయట ఒక ఉక్కు రింగు, రెంటి మధ్య రబ్బరు. బరువును స్ప్రింగులు మోస్తాయి, కుదుపును షాక్ అబ్జార్బర్లు ఆపుతాయి. చక్రం ఎటు చూడాలన్నది మాత్రం ఈ రెండు రబ్బరు ముక్కల చేతిలో ఉంటుంది.

కారును స్టాండ్ల మీద పెట్టి, బాడీకి బిగించిన బ్రాకెట్‌కీ చేతికీ మధ్య చిన్న పలుగు దూర్చి ముందుకూ వెనక్కూ మెల్లగా ఎత్తాను. కుడివైపు రబ్బరు కొంచెం నలిగి వెంటనే వెనక్కి వచ్చింది. ఎడమవైపు లోపలి గొట్టం కదలకుండా ఉండిపోయి దాని చుట్టూ ఇరుసు చెయ్యి కదిలింది. టార్చి దగ్గరగా పట్టిన తమ్ముడు, "అన్నా, రబ్బరు గొట్టాన్ని వదిలేసింది చూడు" అన్నాడు. నిజంగానే గొట్టం చుట్టూ సగం మేర సన్నటి నల్లటి సందు, దాని కింద మెత్తటి రబ్బరు పొడి. కారు లోపల చప్పుడు కుడినుంచి వినిపించేది, మూలం ఎడమవైపు ఉంది. నేల రేకు చప్పుడును అడ్డంగా మోసుకుపోతుంది, అందుకే చెవి మీద ఆధారపడి బుష్‌లు తెప్పించుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఇలాంటి చాలా బుష్‌లలో రబ్బరు నిండుగా ఉండదు, కావాలనే రెండు వైపులా చంద్రవంకల్లాంటి ఖాళీలు వదులుతారు. వాటిని చూసి 'చిరిగిపోయింది' అని బాగున్న బుష్‌లు మార్చేవాళ్లున్నారు. అచ్చులో పోసిన ఖాళీ చివర్లు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. చిరుగు చివర సూదిగా పోతుంది, అంచులు గరుగ్గా ఉంటాయి, పలుగు వేస్తే నోరు తెరుచుకుంటుంది. పైన కనిపించే వెంట్రుకవాసి పగుళ్లు వయసువల్ల, గాలిలోని ఓజోన్‌వల్ల వస్తాయి. అవి మాత్రమే ఉంటే ఇంకా చాలా దూరం నడుస్తుంది.

కుడిది ఇంకా బతికే ఉన్నా రెండూ మారుస్తున్నాను. ఒకవైపు కొత్త రబ్బరు, ఒకవైపు మెత్తబడిన రబ్బరు ఉంటే ఇరుసు నిటారుగా కూర్చోదు.

రబ్బరా, పాలీయురెథేనా

పాలీయురెథేన్ బుష్‌లు వేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను రబ్బరుకే ఓటు వేశాను, కారణం ఇదీ.

మామూలు రబ్బరు బుష్‌లో ఒకదాని మీద ఒకటి జారే భాగాలేవీ లేవు. లోపలి గొట్టాన్ని బోల్టు బ్రాకెట్‌కి నొక్కి పట్టేస్తుంది, అది కదలదు. బయటి రింగు చేతిలో బిగుతుగా ఇరుక్కుని ఉంటుంది, అదీ జారదు. రెంటికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడల్లా ఆ రబ్బరే మెలిపడి, మళ్లీ విప్పుకుంటుంది. ఈ పనిలో ముఖ్యమైన ప్రతి జాగ్రత్తా, అంటే బుష్‌ని ఏ దిక్కుకు పెట్టాలి, ఏ నూనె తగలకూడదు, బోల్టు ఎప్పుడు బిగించాలి అన్నవన్నీ, ఈ ఒక్క విషయంనుంచే వస్తాయి.

పాలీయురెథేన్‌ది వేరే పద్ధతి. అది గొట్టం మీద జారుతూ తిరుగుతుంది, అందుకే గ్రీజు అడుగుతుంది. బోల్టు చుట్టూ తిరగడం వరకే అయితే ఇబ్బంది లేదు. ట్విస్ట్ బీమ్‌లో ఒక చక్రం లేస్తే రెండు చేతులూ వేర్వేరు కోణాల్లో వాలతాయి, బుష్ పక్కలకు కూడా ఒదగాలి. రబ్బరు అన్ని దిక్కులకూ లొంగుతుంది. గట్టి పాలీ బుష్ లొంగదు, ఆ భారం బ్రాకెట్ల మీదా దూలం మీదా పడుతుంది. పైగా మలుపులో పక్కబలానికి ట్విస్ట్ బీమ్ మొత్తంగా కొంచెం మెలి తిరిగి బయటి చక్రాన్ని బయటికి చూపించబోతుంది. కొన్ని కార్లలో దాన్ని అదుపు చేయడానికే బుష్‌లను ఏటవాలుగా అమర్చి, ఒక దిక్కున మెత్తగా, ఒక దిక్కున గట్టిగా ఉండేలా చేస్తారు. అంత ఆలోచించి పెట్టిన మెత్తదనాన్ని రోజూ నడిపే కారులో తీసేయడం నాకు సమ్మతం కాదు. ట్రాక్ మీద తిప్పే కారు అయితే లెక్క వేరు.

విప్పకముందు కొలతలు

ఈ భాగం అరగంట పని. చాలామంది వదిలేసేదీ ఇదే.

కారు సమతలమైన నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా, వెనక హబ్ (చక్రాన్ని బిగించే నడిమి భాగం) మధ్యనుంచి పైన చక్రపు వంపు అంచు దాకా కొలిచాను. ఎడమ 36.5 సెంటీమీటర్లు, కుడి 36.8. మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అతికించాను. జాక్ మీద లేపి చక్రాలు వేలాడుతుండగా కొలిస్తే సుమారు 46.

తరవాత రెండు బ్రాకెట్ల చుట్టూ, అవి బాడీకి ఆనుకున్న అంచు వెంట, తెల్ల పెయింటు గీత. ఈ ఇరుసులో వెనక చక్రాల దిశను సరిచేసే స్క్రూ ఏదీ లేదు, బ్రాకెట్ ఎక్కడ కూర్చుంటే ఇరుసు అటు చూస్తుంది. బ్రాకెట్ రంధ్రాల్లో బోల్టుకి కాస్త చోటు ఉంటుంది, గీత లేకుండా తిరిగి అదే చోట కూర్చోబెట్టడం వల్లకాదు.

పాత బుష్ బయటి రింగు మీద బాణం గుర్తు ఉంది. దాని ఎదురుగా చేతి లోహం మీద సన్నటి ఉలితో గాటు పెట్టాను. పెయింటు పెడితే తరవాత శుభ్రం చేసేటప్పుడు పోతుంది. రింగు చేతిలోంచి ఎంత బయటికి ఉందో వెర్నియర్‌తో చూసి రాసుకున్నాను: 8 మిల్లీమీటర్లు.

బోల్టులకు తుప్పు వదిలించే నూనె ముందు రోజుల్లోనే, రాత్రిపూట పట్టిస్తూ వచ్చాను.

శనివారం, విప్పుడు

ముందు చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలేశాను. దాని కేబుళ్లు ఇరుసు మీదుగా పోతాయి కాబట్టి వదులు కావాలి. వెనక బాడీని రెండు స్టాండ్ల మీద కూర్చోబెట్టి, తోసి చూసి, అప్పుడు చక్రాలు తీశాను. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కింద తల పెట్టకూడదన్నది నాకు రాజీలేని నియమం.

తరవాతి వరుస ఇది. బ్రేక్ గొట్టాలను, ఏబీఎస్ సెన్సర్ తీగలను పట్టుకున్న క్లిప్పులన్నీ విప్పి వాటికి వదులు ఇచ్చాను. ఇరుసు కింద జాక్ ఆన్చి, షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు తీసి, ఇరుసును నెమ్మదిగా దించితే స్ప్రింగులు చేతికి వచ్చేశాయి. దించేటప్పుడు నా చూపంతా బ్రేక్ రబ్బరు గొట్టాల మీదే. అవి బిగుసుకునేలోపు ఆగాలి. ఇరుసు బరువును ఆ గొట్టాలు మోస్తే పైకి ఏమీ కనిపించకపోయినా లోపలి పొర దెబ్బతినవచ్చు.

బుష్ బోల్టుల్లో కుడిది పొడవాటి రాడ్డు వేస్తే వచ్చేసింది. ఎడమది మొండికేసింది. నట్టు ఊడింది, బోల్టు తల కూడా తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ బుష్ రబ్బరు దానితోపాటు మెలిపడి, రాడ్డు వదలగానే స్పానర్‌ను వెనక్కి తెస్తోంది. ఇది కనిపిస్తే అర్థం ఒకటే: బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది. ఇక ఎంత బలం పెట్టినా నలిగేది రబ్బరే.

మంట పెట్టడం గురించి ఒక మాట. పెట్రోలు ట్యాంకు అక్కడికి జానెడు దూరంలో ఉంది, బ్రేక్ పైపులు పక్కనే. పైగా కాలే రబ్బరు పొగ విషం. నేను మంట పెట్టను, ఎవరినీ పెట్టమనను. బ్రాకెట్ గోడకీ బుష్ గొట్టం అంచుకీ మధ్య ఉన్న సన్నటి సందులో హాక్సా బ్లేడు దూర్చి బోల్టును రెండు వైపులా కోశాను. బోల్టు గట్టి ఉక్కు, నింపాదిగా కొయ్యాలి. ఎలాగూ కొత్త బోల్టులు, కొత్త నట్లు సిద్ధంగా ఉన్నాయి. వీటిని బిగించేది టార్క్‌తోపాటు కోణం లెక్కన, అంటే బోల్టు కాస్త సాగేలా. ఒకసారి సాగినదాన్ని మళ్లీ వాడకూడదు.

శనివారం మధ్యాహ్నం, పాత రింగు

ఇరుసు ముందు కొసలు కిందికి వంగి, బుష్‌లు ఎదురుగా కనిపిస్తున్నాయి. ముందు రబ్బరులో డ్రిల్‌తో వరసగా రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోసి, లోపలి గొట్టాన్ని బయటికి తోశాను. మిగిలిన రబ్బరును చాకుతో గీకేశాక ఇరుసు చేతిలో ఉక్కు రింగు ఒక్కటే మిగిలింది.

హాక్సా బ్లేడును ఫ్రేమునుంచి తీసి, రింగు లోపలినుంచి పెట్టి మళ్లీ ఫ్రేముకి బిగించాను. రింగు మందం సుమారు 2 మిల్లీమీటర్లు, దాని వెనక వెంటనే చేతి లోహం. రింగును కొయ్యాలి, చేతిని గాటు పెట్టకూడదు. బ్లేడు ఎంతవరకు దిగిందో చెప్పేది కన్నే. కోత అడుగున మొదట మెరిసే ఉక్కు కనిపిస్తుంది. రింగు తెగబోయే చోట ఆ మెరుపు మధ్యలో ముదురు గోధుమరంగు గీత పొడుస్తుంది, అది రింగుకీ చేతికీ మధ్య ఇన్నేళ్లుగా పేరుకున్న తుప్పు. ఆ గీత కోత పొడవునా కనిపించగానే బ్లేడు ఆపాలి. ఒక కొస ముందు తెగితే అటు బ్లేడు ఎత్తి రెండో కొస వైపే కొయ్యాలి. పక్కపక్కనే రెండు కోతలు వేసి, మధ్య ముక్కను సన్నటి ఉలితో లోపలికి మడిచాను. ఒత్తిడి వదిలిన రింగు సుత్తి దెబ్బలకు జారుకుంటూ వచ్చేసింది.

కన్నం లోపల ఎమరీ కాగితంతో తుప్పు తీసేసి, అంచున ఉన్న గరుకును ఆకురాయితో ఏటవాలుగా రాశాను. కొత్త రింగు దారి పట్టాలంటే ఆ ఏటవాలు కావాలి.

ఆదివారం, కొత్తవి ఎక్కించడం

వెర్నియర్ లెక్క: కొత్త రింగు బయటి కొలత 70.2, కన్నం లోపలి కొలత 69.9. తేడా 0.3 మిల్లీమీటర్లు. బుష్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే తేలికగా దిగుతుందని చెప్పుకుంటారు. ఉక్కు డిగ్రీకి, ప్రతి మీటరుకు 12 మైక్రోమీటర్లు కుంచించుకుంటుంది. గది వేడినుంచి ఫ్రీజర్ చలికి 48 డిగ్రీల తేడా అనుకుంటే, 70 మిల్లీమీటర్ల రింగు తగ్గేది 0.04 మిల్లీమీటర్లే. ఉన్న బిగువులో ఏడో వంతు కూడా కాదు. బేరింగుల్లాంటి సన్నటి బిగువులకు ఆ కిటుకు పనికొస్తుంది, ఇక్కడ దానికోసం సమయం పెట్టడం దండగ. బుష్‌ని దింపేది సరైన పరికరమే.

ఆ పరికరం నేను కూర్చుకున్నదే: ఎం12 (12 మిల్లీమీటర్ల) మరల రాడ్డు, ఒక కొసన బుష్ రింగు అంచుకు సరిగ్గా ఆనే మందపాటి ఉక్కు బిళ్ల, రెండో కొసన బుష్ లోపలికి పట్టేంత వెడల్పు గొట్టం, నట్టు కింద ఒక థ్రస్ట్ బేరింగు. రాడ్డు మెత్తటి ఇనుముదైతే మరలు చెడిపోతాయి. 8.8 గ్రేడు ఎం12 రాడ్డు దాదాపు 5 టన్నుల లాగుడు తట్టుకుంటుంది, మామూలు 4.8 గ్రేడుకు అందులో సగం. బేరింగు లేకపోతే పెట్టిన బలంలో పెద్దభాగం నట్టు కింద రాపిడికే పోతుంది. మరలకు మాలిబ్డినం గ్రీజు పెట్టాను. కన్నానికి మాత్రం పలచటి సబ్బునీళ్లు. పెట్రోలియం గ్రీజు సహజ రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. గ్రీజు అంటిన చేతులతో కొత్త బుష్‌ని ముట్టుకోలేదు కూడా.

బిళ్ల బయటి రింగు మీదే ఆనాలి. లోపలి గొట్టం మీద ఆనితే మొదటి రోజే రబ్బరు చిరుగుతుంది.

మొదటి రెండు మిల్లీమీటర్లే అసలు పరీక్ష. బాణాన్ని ఉలి గాటుకు ఎదురుగా పెట్టి, నట్టును పావు చుట్టు బిగించడం, చుట్టూ నాలుగు చోట్ల వెర్నియర్ పెట్టి చూడడం, ఎత్తుగా ఉన్నవైపు రబ్బరు సుత్తితో తట్టడం. నాలుగు చోట్లా ఒకే కొలత వచ్చాక స్పానర్ బరువు ఒక్కసారిగా స్థిరపడింది, అక్కడినుంచి రింగు సన్నగా కిర్రుమంటూ తిన్నగా దిగింది. 8 మిల్లీమీటర్లు మిగలగానే ఆపాను. దిక్కు విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, నా బుష్‌లో ఖాళీలు ముందూ వెనకా ఉన్నాయి. గుంత తగిలినప్పుడు చక్రం కాస్త వెనక్కి ఒదగడానికి అటు మెత్తగా, పైకీ కిందికీ గట్టిగా. పావు చుట్టు తేడాగా దిగితే గట్టిదనం, మెత్తదనం చోట్లు మారతాయి, చప్పుడు పోయినా గుంతల్లో చక్రం సరిగా ఒదగదు.

కుడివైపుది మొదటిదానికంటే చాలా తొందరగా అయింది.

ఆదివారం సాయంత్రం, బిగింపు

బ్రాకెట్లను తెల్ల గీతల్లో కూర్చోబెట్టి వాటి బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాను. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, తీగలు, గొట్టాలు అన్నీ యథాస్థానం. బుష్ బోల్టులు మాత్రం చేత్తో తిరిగేంత వదులుగానే వదిలేశాను. ఈ ఒక్కటి సరిగ్గా చేయకపోతే మిగతా పనంతా వృథా.

లెక్క చూడండి. నా కారులో బుష్ నుంచి హబ్ దాకా పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. చక్రం వేలాడుతున్నప్పుడు హబ్ దాదాపు 10 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. అంటే చెయ్యి 14 డిగ్రీలకు పైగా వాలి ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే నిలిచిపోతుంది. కారు నేలకు దిగగానే రబ్బరు ఆ 14 డిగ్రీలూ మెలిపడుతుంది, ఆగి ఉన్నా, రాత్రంతా నిలిపి ఉంచినా. గుంత వస్తే ఆ మెలిక మీద ఇంకో మెలిక. వెనక భాగం కాస్త ఎత్తుగా నిలబడుతుంది, కొత్త రబ్బరు తొందరగా చిరుగుతుంది. 'మార్చి ఏడాది కాలేదు, మళ్లీ పోయింది' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం నాణ్యత కాదు, ఇదేనని నా నమ్మకం.

స్టాండ్ల మీద ఉండగానే హబ్ కింద జాక్ పెట్టి లేపి బిగించవచ్చని అంటారు. అయితే స్ప్రింగు పూర్తిగా నిలబడే ఎత్తుకు కుంగాలంటే ఆ చక్రం మీద పడే బరువంతా జాక్ మీదకు రావాలి, అప్పటికి కారు ఆ పక్క స్టాండు మీదనుంచి లేవడం మొదలవుతుంది. అందుకే చక్రాలు బిగించి, వెనక రెండు టైర్లనూ వెడల్పాటి ర్యాంపుల మీద దించి, స్టాండ్లను ఆనీ ఆననట్టు రక్షణగా ఉంచాను. కారును రెండుమూడు సార్లు కిందికి నొక్కి వదిలి, టేపు మీద రాసిన అంకెలతో సరిచూశాను. రెండు వైపులా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలోనే ఉంది. అప్పుడు కింద పడుకుని బుష్ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి, ఆపైన మాన్యువల్ చెప్పిన 90 డిగ్రీలు తిప్పాను. నట్టు మీదుగా బ్రాకెట్ మీదకు ఒక పసుపు గీత గీశాను.

నడిపాక

అదే రోడ్డు, అవే గుంతలు. 'దబ్' లేదు. టైరు చప్పుడు మాత్రం పాత రోజులకంటే కొంచెం స్పష్టంగా వినిపిస్తోంది, కొత్త రబ్బరు బిగువుగా ఉంది కాబట్టి అది సహజమే. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది లేన్ మారడం. ముందు భాగంతోపాటే వెనక భాగం వచ్చేస్తోంది, మధ్యలో ఆ క్షణం ఆలస్యం పోయింది. ఖాళీ రోడ్డు చూసుకుని గట్టిగా బ్రేక్ వేస్తే కారు తిన్నగా కుంగి తిన్నగా ఆగింది.

అలైన్‌మెంట్ యంత్రం మీద చూపిస్తే వెనక రెండు చక్రాల టో (చక్రం లోపలికో బయటికో చూసే కోణం), క్యాంబర్ (చక్రం పైభాగం పక్కకు వాలే కోణం) తయారీదారు చెప్పిన హద్దుల్లోనే ఉన్నాయి, బ్రాకెట్లను జరపాల్సిన పని పడలేదు. గీరుకునే ఆ వెనక టైర్లు మళ్లీ నున్నబడవు, అరిగేదాకా కాస్త రొద చేస్తూనే ఉంటాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కిందికి దూరి చూస్తే పసుపు గీతలు రెండు చోట్లా విరగకుండా ఉన్నాయి, బుష్ రింగు 8 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. షాక్ అబ్జార్బర్ కింది బుష్‌లలో ఎడమది కొంచెం ఎండినట్టుంది. తరవాత విప్పబోయేది అదే.